ఎడమచేతి ముడి

మే 6, సోమవారం

ఈ రోజు నుంచి పిన్ని తోటకి సెలవు. ఏటా ఇంతే. మే మొదటి సోమవారం నుంచి తొలి వాన పడేదాకా ఆ ఎకరన్నరలో ఒక్క గింజ కూడా వేయదు. ఎరువు చల్లి, పైన ఎండుగడ్డి కప్పి వదిలేస్తుంది. నేల పడుకుంది, లేపకూడదు అంటుంది. ఆ నెలంతా గట్టు మీద కూడా మెల్లగా నడుస్తుంది. బాబాయి చూసి నవ్వుతాడు. నవ్వుతూనే తనూ మెల్లగా నడుస్తాడు.

జులై దాకా ఆకుకూర ఉండదండీ అని నిన్న మా రెస్టారెంట్ ఓనర్‌కి పిన్నే ఫోన్ చేసి చెప్పింది. అలాగేనమ్మా, ప్రకృతి ఎలా చెబితే అలాగే అన్నాడట. ఎంత మంచి మనిషే మీ సారు అని పిన్ని నాతో మురిసిపోయింది.

ఆ మంచి మనిషి నోట్లోంచి రోజుకి నలభైసార్లు సీజన్ అనే మాట ఊడిపడుతుంది. అందుకే కిచెన్‌లో అందరం ఆయన్ని సీజన్ గారు అంటాం. ఎదురుగా మాత్రం సార్. మెనూ కార్డు మొదటి పేజీలో 'ఈ వారం పండిందే, పక్క ఊళ్ళో పండిందే వండుతాం' అని ఉంటుంది. హాల్లో గోడకి పిన్ని ఫోటో, తలుపంత ఉంటుంది. చేతిలో పాలకూర కట్ట. కింద 'మన పిన్ని' అని అచ్చు వేయించాడు. నా పిన్ని ఈయనకి ఎప్పుడు పిన్ని అయిందో నాకు తెలీదు.

గేటు దగ్గర నల్లబోర్డు రాసేది నేను. కూరగాయల సెక్షన్ నాదే, దస్తూరీ కూడా బాగుంటుందని ఆ పనీ నాకే తగిలించారు. ఏది ఏ తోట నుంచి వచ్చిందో రోజూ పొద్దున్నే సుద్దముక్కతో రాయాలి. ఈ రోజు పాలకూర సూప్ తుడిచేసి గుమ్మడికాయ సూప్ రాశాను. సీజన్ గారు మూతి ముడిచాడు. జనం పాలకూర సూప్ కోసమే కదా వచ్చేది అన్నాడు. జులైలో రమ్మనండి అన్నాను.

పెద్ద కుక్ నా కాలు తొక్కాడు. నా నోరు మంచిది కాదని ఆయన బాధ.

మే 9, గురువారం. ఉదయం 7.10

పాలకూర వచ్చింది.

సింక్ పక్కన ట్రేలో ముప్పై కట్టలు. ప్రతి కట్టకీ నీలం పీలిక.

ఆ పీలికలు పిన్నివి. పాత దుప్పట్లు చింపి కట్టలకి కడుతుంది. రబ్బర్ బ్యాండ్లు కాడల్ని కోసేస్తాయట. నేను విప్పి, ఉతికి, రేకు డబ్బాలో దాచి సోమవారం తిరిగి ఇచ్చేస్తాను. ఈసారి తోట సెలవు కాబట్టి డబ్బా ఇక్కడే ఉండిపోయింది.

ఒక్క క్షణం నేనూ మోసపోయాను. పిన్ని మనసు మార్చుకుందేమో, ఎక్కడో ఒక మడి మిగిలిందేమో అనుకున్నాను. కట్ట తీసుకుని ముడి విప్పబోయాను. చేయి గాల్లోకి పోయింది. అక్కడ తోక లేదు.

పిన్నిది ఎడమచేతివాటం. మామూలు వాళ్ళు జారుముడి వేస్తే లాగే తోక కుడికి వస్తుంది. పిన్ని వేస్తే ఎడమకి వస్తుంది. పదకొండేళ్ళుగా ఆమె కట్టలు విప్పుతున్నాను. చూడక్కర్లేదు, చేయి దానంతట అదే వెళ్తుంది. ఈ రోజు వెళ్ళి వెనక్కి వచ్చింది. తోక కుడివైపు ఉంది.

విప్పి చూశాను. కాడలన్నీ ఒకే పొడవు, మిషన్‌తో కోసినట్టు. పిన్ని వేళ్ళతో సహా పీకుతుంది. కట్ట మధ్యలో చేయి పెడితే ఐస్. లోపలి ఆకులు నల్లగా, జిగటగా ఉన్నాయి. కోల్డ్ స్టోరేజి సరుకు. ఏ లారీలో ఎన్ని రోజులు ప్రయాణం చేసిందో!

అరికాలి మంట నెత్తికెక్కింది. కట్ట పట్టుకుని సీజన్ గారి రూమ్‌లోకి పోయాను. తలుపు కొట్టలేదు. ఎవరి పాలకూర ఇది అని అడిగాను. పిన్ని వాళ్ళదే కదా అన్నాడు. నా మొహంలోకి చూస్తూ అన్నాడు. పిన్ని తోటలో ఎండుగడ్డి తప్ప ఏమీ లేదని తెలిసిన నాతోనా? అప్పుడు అరిచాను. హాల్లో టేబుళ్ళు తుడిచేవాళ్ళు కూడా ఆగిపోయారట. ఇది మా పిన్ని ముడే కాదు, ఆవిడది ఎడమచేయి, తోక ఎడమకి రావాలి, దొంగతనం చేసినా ఒళ్ళు దగ్గర పెట్టుకుని చేయాలి అన్నాను.

సీజన్ గారు చాలాసేపు ముడి వంక చూశాడు. తర్వాత తలవంచి సారీ అన్నాడు. సప్లయర్ పొరపాటు, మళ్ళీ జరగదు అన్నాడు.

గెలిచానని టీ తాగాను. రెండు గ్లాసులు.

మే 11, శనివారం

తోకలు ఎడమకి వచ్చాయి.

అదే ముప్పై కట్టలు, అదే ఐస్, అదే నలుపు. ముడులు మాత్రం అచ్చు పిన్నివే. నా చేయి వెళ్ళి తోక పట్టుకుంది, లాగింది, కట్ట విడిపోయింది.

గిన్నెలక్క నవ్వుతూ వచ్చింది. గిన్నెలు తోమే అక్క. ఆమెదీ ఎడమచేయేనని ఈ రోజే గమనించాను. సారు పొద్దున్నే పిలిచి, నీ చేత్తో కడితేనే బాగుంటాయి అన్నాడట. ఇన్నేళ్ళలో తన చేయి బాగుందని ఎవరూ అనలేదట. చిన్నప్పుడు ఆ చేత్తో తింటే కొట్టేవారట. బాగా కట్టానా అని నన్ను అడిగింది.

ఏం చెప్పను! బాగా కట్టావక్కా అన్నాను.

దొంగ చేతికి తాళాలు ఇచ్చింది నేను. ఊరికే ఇవ్వలేదు, ఏ తాళం ఏ తలుపుదో అరిచి మరీ చెప్పాను. నోట్లో నువ్వుగింజ నానదే నీకు అని పిన్ని నాకు ఏడేళ్ళప్పటి నుంచి చెబుతోంది. అమ్మ పోయాక నన్ను పెంచింది ఆమే. నా నోటి గురించి ఆమెకి తెలిసినంత ఎవరికీ తెలీదు.

సాయంత్రం రూమ్‌కి పిలిచాడు. చాలా మర్యాదగా మాట్లాడాడు. జులైలో మీ పిన్ని గారి పంట మొత్తం మనమే తీసుకుంటున్నాం కదా, ఆవిడ మన కోసమే ఇంకో అరెకరం కౌలుకి తీసుకున్నారు కదా అన్నాడు. అంతవరకే అన్నాడు. మిగతాది నన్నే అనుకోమని వదిలేశాడు. అనుకున్నాను.

బోర్డు మీద 'పాలకూర సూప్, మన పిన్ని తోట' అని రాశాను. నా చేత్తోనే రాశాను. దస్తూరీ బాగానే వచ్చింది.

మే 12, ఆదివారం

సుద్ద గోళ్ళలోంచి పోవడం లేదు.

మే 14, మంగళవారం

కొత్త గొడవ. శనివారం మధ్యాహ్నం 'రైతుల భోజనం' పెడుతున్నాడు. పత్రికల వాళ్ళు, పెద్ద కస్టమర్లు వస్తారట. మన పిన్ని వచ్చి రెండు మాటలు మాట్లాడాలట. నాకు చెప్పకుండానే నేరుగా ఫోన్ చేసి పిలిచేశాడు.

పిన్నికి నేను ఫోన్ చేశాను. చెబుదామనే చేశాను. ఆమె ఎత్తగానే మొదలుపెట్టింది. తోట ఖాళీగా ఉంటే నేనేం మాట్లాడతానే అని భయం. బాబాయి కొత్త చెప్పులు కొన్నాడట, కరుస్తున్నాయట, శనివారం లోపు సాగాలని ఇంట్లో కూడా వేసుకుని తిరుగుతున్నాడట. ఎండగా ఉంది, రావద్దులే పిన్నీ అన్నాను. ఎండ నాకు కొత్తా అంది. అంత దూరం బస్సులో ఎందుకు, అక్కడ అంతా ఏసీ, ఇంగ్లీషు, నీకు నచ్చదు అన్నాను.

మేం వస్తే నీకు నామోషీనా అని అడిగింది.

కాదు కాదు అన్నాను. ఎంత గట్టిగా అంటే అంత అబద్ధంలా వినిపించింది. చెప్పాల్సింది గొంతులోనే ఉండిపోయింది. అరవకూడని చోట అరుస్తాను. నోరు విప్పాల్సిన చోట దానికి ఎక్కడ లేని బుద్ధీ వస్తుంది.

మే 18, శనివారం. సాయంత్రం 5

ఇవాళ జరిగింది ఉన్నది ఉన్నట్టు రాస్తాను. ఒక్క ముక్క కూడా నాకు అనుకూలంగా మార్చను.

పన్నెండింటికి వచ్చారు. పిన్ని ఇస్త్రీ బట్టల్లో ఉంది. హాల్లో తన ఫోటో చూసి, అమ్మో ఇంత లావున్నానా అంది. అందరూ నవ్వారు. సీజన్ గారు వంగి ఆమె కాళ్ళకి దండం పెట్టినంత పని చేశాడు. ఫోటోలు తీశారు.

పొడుగు టేబుల్ మధ్యలో బుట్ట. బుట్ట నిండా పాలకూర కట్టలు, నీలం పీలికలు. అలంకారమట. నేను కిచెన్ తలుపు దగ్గర నిలబడి ఉన్నాను. చేతిలో చాకు, కోయడానికి ఏమీ లేదు.

పిన్ని బుట్ట చూసింది. మొదట నవ్వింది, తనవాళ్ళెవరో కనబడ్డట్టు. తర్వాత నవ్వు ఆగింది. ఒక కట్ట తీసుకుంది. ఎడమచేత్తో తోక లాగింది. విడిపోయింది. కాడల కొసలు చూసింది. ఒక ఆకు తుంచి వాసన చూసింది. పీలికని బొటనవేలికి చుట్టి, చిన్న ఉండ చేసి, సంచిలో వేసుకుంది. ఇదంతా చేస్తూ ఒక్కసారి కూడా తలెత్తలేదు.

మాట్లాడమని మైక్ ఇచ్చారు. నాకు మాట్లాడడం రాదండీ అని కూర్చుంది. ఎంత సింపుల్‌గా ఉన్నారో అని చప్పట్లు కొట్టారు. నాకు ఆ చేతులన్నీ పట్టుకుని ఆపాలనిపించింది.

సూప్ వచ్చింది. ముట్టలేదు. బ్రెడ్ తుంచుకుని నీళ్ళతో తింది. బాబాయికి ఏమీ తెలీదు, సూప్ మన ఆకులాగే లేదేంటే అన్నాడు. పిన్ని ఆయన కొత్త చెప్పు మీద కాలు వేసింది.

గేటు దాకా నేనే వెళ్ళాను. నేను కట్టలేదు పిన్నీ అన్నాను. ఏడుపొచ్చింది, కోపం వచ్చింది, ఏది ముందు వచ్చిందో తెలీదు. పిన్ని నా వంక మామూలుగానే చూసింది. నువ్వు కట్టలేదని తెలుసే అంది. నీకు ఆ ముడి రాదు. జడ రిబ్బన్లప్పుడు నెల రోజులు నేర్పాను, ఎదురుగా కూర్చుని నేర్చుకునేదానివి, ప్రతిసారీ తోక కుడికే తెచ్చేదానివి. కట్టింది నువ్వు కాదు.

తర్వాత అంది, చెప్పింది నువ్వు.

బస్సు వచ్చింది. ఎక్కేశారు.

మే 19, ఆదివారం

కట్టింది నువ్వు కాదు. చెప్పింది నువ్వు.

తిట్టినా బాగుండేది.

మే 20, సోమవారం

పొద్దున ఆరున్నరకి బోర్డు కడిగాను. బట్టతో తుడవడం కాదు, నీళ్ళు పోసి కడిగాను. ఆరాక రాశాను.

'పాలకూర సూప్: కోల్డ్ స్టోరేజి సరుకు, కనీసం ఆరు రోజుల కిందటిది. ఊరు తెలీదు. టమాటా: పచ్చివి తెచ్చి గదిలో మందు పెట్టి మాగబెట్టినవి. మన పిన్ని తోట: ఈ నెల ఖాళీ. జులై దాకా ఆవిడ పేరు మీద ఇక్కడ ఏది పెట్టినా అబద్ధం. ఇన్నాళ్ళూ ఈ బోర్డు రాసింది నేను.'

కింద సంతకం పెట్టాను. అక్షరాలు వంకరపోయాయి. పోనీ.

తొమ్మిదింటికి మొదటి కస్టమర్లు. చదివారు. వాళ్ళు నవ్వారు! ఎంత ఫన్నీగా రాశారో అన్నారు. ఫోన్లు తీసి బోర్డు పక్కన నిలబడి ఫోటోలు దిగారు. లోపలికి వెళ్ళి పాలకూర సూప్ ఆర్డర్ ఇచ్చారు! ఆరు రోజుల సూప్ రెండు అన్నారట, నవ్వుకుంటూ. పదకొండింటికల్లా ఎన్నడూ లేనన్ని ఆర్డర్లు. పెద్ద కుక్ తలబట్టుకున్నాడు. నాకు వాళ్ళ ప్లేట్లు లాక్కోవాలనిపించింది. ఒరే నాయనా, అది జోకు కాదు, నా పరువు, మా పిన్ని పరువు!

సీజన్ గారు పదకొండున్నరకి వచ్చాడు. బోర్డు చదువుతుంటే మొహం ఎర్రబడింది. తుడవమని చేయెత్తాడు. అంతలో క్యూ చూశాడు. ఎత్తిన చేయి మెల్లగా దించి జేబులో పెట్టుకున్నాడు. లోపలికొచ్చి, ఇది కొత్తగా ఉంది, నిజాయితీ అనేది మంచి కాన్సెప్ట్, రోజూ ఇలాగే రాయి, కాస్త నవ్వొచ్చేలా రాయి అన్నాడు.

అరవాలనిపించలేదు. పుట్టిన తర్వాత మొదటిసారి.

ఏప్రన్ విప్పి టేబుల్ మీద పెట్టాను. పీలికల డబ్బా చంకలో పెట్టుకున్నాను. హాల్లోకి పోయి కుర్చీ ఎక్కి పిన్ని ఫోటో కొక్కెం నుంచి దించాను. ఎవరో అడ్డు వచ్చారు. ఎవరో కాదు, సీజన్ గారే. ఆ ఫోటో రెస్టారెంట్ ఆస్తి అన్నాడు. ఈ మొహం ఎవరి ఆస్తి సార్ అని అడిగాను. అరవలేదు, మామూలుగా అడిగాను. పక్కకి జరిగాడు.

గిన్నెలక్క సబ్బు చేతులతో తలుపు పట్టుకుంది, ఫోటో పట్టేలా. ఇక ఆ కట్టలు కట్టనులే అంది. నీ చేయి మంచిదే అక్కా అన్నాను. ఈసారి అబద్ధం కాదు.

బస్సులో కండక్టర్ ఫోటో చూసి, ఈవిడకి కూడా టికెట్ తీసుకోవాలి, సీటు మొత్తం ఈవిడే కూర్చుంది అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వాను. ఆ తర్వాత దిగేదాకా ఏడ్చాను.

మే 21, మంగళవారం

పిన్ని డబ్బా తీసుకుంది. మూత తీసి వాసన చూసింది. అన్ని పీలికల్నీ మళ్ళీ ఉతికింది, నేను ఉతికినవే. నేను చూస్తుండగానే ఉతికింది.

పని మానేశానని చెప్పాను. బోర్డు గురించి చెప్పాను. జనం నవ్వారని కూడా చెప్పాను. జులైలో వాళ్ళు పంట తీసుకోరేమో పిన్నీ, కౌలు అరెకరం నా వల్లే అన్నాను. విత్తనం ఇంకా డబ్బాలోనే ఉంది కదే అంది. అంతే.

ఫోటో ఏం చేయాలని బాబాయి అడిగాడు. కోళ్ళ గూడు పైకప్పు కారుతోంది, సరిపోతుంది అంది పిన్ని. ఆయన నిజంగానే మేకులు తెచ్చాడు. ఇప్పుడు పిన్ని మొహం ఆకాశం వంక చూస్తూ కోళ్ళ మీద ఉంది. కింద కోళ్ళకి ఎండ లేదు.

మధ్యాహ్నం అన్నం పెట్టింది. తోటలో ఏమీ లేని నెలలో పిన్ని ఏం వండుతుందో పదకొండేళ్ళుగా సీజన్ అంటూ గొంతు చించుకున్న ఆ రెస్టారెంట్‌లో ఎవరూ అడగలేదు. నేను కూడా అడగలేదు. మంచం కింద దొర్లుతున్న చలికాలం గుమ్మడికాయ. డబ్బా అడుగున ఎండు చిక్కుడు గింజలు, రాత్రి నానబెట్టినవి. పోయిన ఏడు ఎండబెట్టిన టమాటా ముక్కలు నాలుగు. ఉప్పు. గింజలు మెత్తగా ఉడికి, గుమ్మడి కరిగి, టమాటా పులుపు నాలుక చివర తగిలింది. మూడుసార్లు వడ్డించుకున్నాను. కోపంగా ఉన్నప్పుడు నాకు ఆకలెక్కువ.

పిన్ని ఎరువు గురించి మాట్లాడింది. నా గురించి మాట్లాడలేదు.

జూన్ 8, శనివారం

వాన. పిన్ని చెప్పుల్లేకుండా తోటలోకి పరిగెత్తింది. ఇప్పుడు గట్టిగా నడవచ్చు.

జూన్ 10, సోమవారం

విత్తనం చల్లాం. కౌలు అరెకరంలో కూడా. వారం సంతలో మూలన ఒక బల్ల దొరికింది, అమ్మడం నా పని అంది పిన్ని. నీ నోరు అక్కడైనా పనికొస్తుంది అంది. నెల రోజుల్లో నా మీద వేసిన మొదటి జోకు. తల తిప్పుకుని గట్టు అవతల కాసేపు కలుపు తీశాను. అక్కడ కలుపు లేదు.

జులై 12, శుక్రవారం. ఉదయం 5.30

మొదటి పాలకూర. వేళ్ళకి తడి మట్టి.

పిన్ని ముడి మార్చింది. ఇది ఎడమ కాదు, కుడి కాదు. కొత్తది.

ఆమె కడుతున్నంతసేపూ, ఎలా వేస్తుందో నా కంట పడకుండా, అటు తిరిగి నిలబడ్డాను.